పాఠం 17: గ్రహాల ఆట – దూరం, కాలం, నిర్ణయం

17.1 ఉపోద్ఘాతం

చదరంగం, పులిజూదం వంటి ఆటలు మీకు తెలిసినవే. పులిజూదంలో ఒకరు మూడు పులులను, మరొకరు పదిహేను మేకలను నడుపుతారు. జరిపిన పావు ఆ క్షణంలోనే కొత్త చోట నిలబడుతుంది. ఆ ఎత్తు మంచిదో చెడ్డదో త్వరలోనే తేలిపోతుంది.

జరిపిన పావు గమ్యం చేరడానికి ఐదారు ఎత్తుల కాలం పడితే ఏమవుతుంది? అది దారిలో ఉండగానే గమ్యం దగ్గరి పరిస్థితి మారిపోతే? అటువంటి ఒక కంప్యూటర్ ఆట గురించి ఈ పాఠంలో తెలుసుకుంటారు. పాఠం చదవడానికి కంప్యూటర్ అక్కరలేదు. ఒక కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఇద్దరు ఆడే గ్రహాల ఆట నియమాలను మీ మాటల్లో చెప్పగలుగుతారు.
• దూరానికీ కాలానికీ ఉన్న సంబంధాన్ని లెక్క ద్వారా వివరించగలుగుతారు.
• ఆటలోని జయానికీ వాస్తవ ప్రపంచానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• చేదర్థక, అప్యర్థక క్రియలను సొంత వాక్యాలలో ప్రయోగించగలుగుతారు.

17.3 ఆట నేపథ్యం

అంతరిక్ష నేపథ్యం గల కంప్యూటర్ ఆటలు కొత్తవి కావు. 1962లోనే అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ‘స్పేస్‌వార్’ అనే ఆట తయారైంది. పిడిపి-1 అనే కంప్యూటర్ మీద ఇద్దరు ఆటగాళ్ళు చెరొక నౌకను నడుపుతూ పోరాడేవారు. అందులో ముఖ్యమైనది చేతి చురుకుదనం.

కాలక్రమంలో చేతి వేగంతో పని లేకుండా ఆలోచనతో ఆడే ఆటలు వచ్చాయి. వాటిలో ఒకటి ‘కాంక్వెస్ట్’. ఆ మాటకు ‘జయించడం’ అని అర్థం. 1996లో మథియాస్ ఎట్రిచ్ ప్రారంభించిన కెడిఇ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకంలోని ఆటలలో ఇది చేరింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి దీనిని ఎవరైనా వాడుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, లోపలి రచనను చదివి మార్చుకోవచ్చు. ఇద్దరికంటే ఎక్కువమంది కూడా ఆడవచ్చుగాని, ఈ పాఠంలో ఇద్దరు ఆడే ఆటనే పరిశీలిద్దాం.

17.4 ఆట నియమాలు

తెరమీద గడులు గీసిన ఆకాశ పటం ఉంటుంది. అక్కడక్కడ గ్రహాలుంటాయి. ఆట మొదలయ్యేసరికి ఒక్కొక్క ఆటగాడికి ఒక గ్రహం ఉంటుంది. మిగిలినవి ఎవరికీ చెందనివి. వాటిని తటస్థ గ్రహాలు అంటారు. ప్రతి గ్రహానికీ మూడు లక్షణాలు ముఖ్యం.

(అ) నౌకల సంఖ్య: ప్రస్తుతం ఆ గ్రహం మీద ఉన్న నౌకలు.
(ఆ) ఉత్పత్తి: ఒక్కొక్క వంతులో అక్కడ కొత్తగా తయారయ్యే నౌకలు.
(ఇ) పోరాట శక్తి: ఎదుటి నౌకను కూల్చగల అవకాశం. దీనిని సున్న, ఒకటి మధ్య దశాంశంలో చూపుతారు. దాడికి వెళ్ళిన దళానికి అది బయలుదేరిన గ్రహం శక్తి ఉంటుంది. కాపలా దళానికి అది కాపాడుతున్న గ్రహం శక్తి ఉంటుంది.

మీ వంతు వచ్చినప్పుడు ఏ గ్రహం నుంచి ఏ గ్రహానికి ఎన్ని నౌకలు పంపాలో ఆదేశిస్తారు. తరువాత మీ ప్రత్యర్థి తన ఆదేశాలిస్తారు. ఇద్దరి ఆదేశాలూ పూర్తయిన తరువాతనే కంప్యూటర్ ఆ వంతును అమలు చేస్తుంది. వంతు ముగిసిన తరువాత బయలుదేరిన దళాన్ని వెనక్కి పిలవలేరు. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం వంటిదే అది.

ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఆడతారు. కనుక ఒకరు ఆదేశిస్తున్నప్పుడు రెండవవారు ముఖం పక్కకు తిప్పుకోవాలి. ఈ నియమాన్ని కంప్యూటర్ అమలు చేయలేదు. ఆడేవారి నిజాయితీ ఒక్కటే దానికి కాపలా.

17.5 దూరమే కాలం

ఒక ఉదాహరణ చూద్దాం. మీ గ్రహం ‘ఏ’, ప్రత్యర్థి గ్రహం ‘బి’. రెండింటిలోనూ 40 నౌకలు, వంతుకు 10 నౌకల ఉత్పత్తి, 0.4 పోరాట శక్తి ఉన్నాయి. వాటి మధ్య ప్రయాణం 3 వంతులు.

మొదటి వంతులోనే మీ 40 నౌకలనూ ‘బి’ మీదికి పంపారనుకోండి. తెరమీద అక్కడ 40 నౌకలే కనిపిస్తున్నాయి. సమానమే కదా అనిపిస్తుంది. కాని మీ దళం చేరేసరికి అక్కడ ఎన్ని ఉంటాయి?

40 + (10 × 3) = 70

మీరు చూసినది నేటి సంఖ్య. మీ దళం ఎదుర్కొనేది మూడు వంతుల తరువాతి సంఖ్య. ఈ ఆటలో కొత్తవారు ఓడిపోవడానికి ముఖ్యకారణం ఈ తేడాను మరచిపోవడమే. ఆటలో దూరం కొలిచే సాధనం ఒకటి ఉంది. రెండు గ్రహాలను ఎంచుకుంటే వాటి మధ్య ఎన్ని కాంతి సంవత్సరాల దూరమో, ఇప్పుడు బయలుదేరిన నౌక ఎన్నో వంతుకు చేరుతుందో అది చెబుతుంది. ఆదేశం ఇచ్చే ముందు దానిని చూడడం అలవాటు చేసుకోవాలి.

పోరాట శక్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక తటస్థ గ్రహంలో 20 నౌకలు, 0.6 శక్తి ఉన్నాయనుకోండి. మీ శక్తి 0.4. ఇరుపక్షాలూ మార్చి మార్చి ఒక్కొక్కసారి కాల్పులు జరుపుతాయనుకుంటే, వారి 20 నౌకలు కూలడానికి సగటున 20 ÷ 0.4 = 50 సార్లు కాల్చాలి. ఆ 50 సార్లలో మీరు సగటున 50 × 0.6 = 30 నౌకలు పోగొట్టుకుంటారు. 25 నౌకలు పంపితే చాలనుకున్నవారు భంగపడతారు. ఇది సగటు లెక్క మాత్రమే. అదృష్టం అటూ ఇటూ మొగ్గవచ్చు కాబట్టి కొన్ని నౌకలు అదనంగా పంపడం మంచిది.

17.6 దగ్గరిదా, దూరపుదా?

ఇప్పుడు రెండు తటస్థ గ్రహాలను పోల్చండి. రెండింటిలోనూ 12 నౌకలే ఉన్నాయి. శక్తి మీతో సమానం. ‘సి’ 3 వంతుల దూరంలో ఉంది, దాని ఉత్పత్తి 8. ‘డి’ 8 వంతుల దూరంలో ఉంది, దాని ఉత్పత్తి 12. ఏది మేలు?

పదవ వంతు ముగిసేసరికి ‘సి’ మీకు 7 × 8 = 56 నౌకలిస్తుంది. ‘డి’ ఇచ్చేది 2 × 12 = 24 మాత్రమే. పద్దెనిమిదవ వంతుకు రెండూ సమానమవుతాయి: 15 × 8 = 120, 10 × 12 = 120. ఆ తరువాత ‘డి’దే పైచేయి.

అంటే ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఆట ఎన్ని వంతులు సాగుతుందన్న దానిమీద జవాబు ఆధారపడుతుంది. పదిహేను వంతుల ఆటలో దగ్గరి గ్రహం, ముప్పై వంతుల ఆటలో దూరపు గ్రహం మేలు. ఏడాదికి చేతికొచ్చే పంట వేయాలా, ఐదారేళ్ళకు కాపుకొచ్చే తోట వేయాలా అని ఆలోచించే రైతు చేసేదీ ఇటువంటి లెక్కే.

పాఠంలోని ప్రశ్నలు – 1

1. ఆటలో కొత్తవారు ఓడిపోవడానికి ముఖ్యకారణమేమిటి?
2. ప్రత్యర్థి గ్రహంలో 25 నౌకలు, వంతుకు 6 ఉత్పత్తి ఉన్నాయి. ప్రయాణం 5 వంతులు. మీ దళం చేరేసరికి అక్కడ ఎన్ని నౌకలుంటాయి?

17.7 ఎదుటివారి ఆలోచన

తటస్థ గ్రహం తనంతట తాను దాడి చేయదు. ప్రత్యర్థి చేస్తారు. మళ్ళీ మొదటి ఉదాహరణకు వద్దాం. ప్రత్యర్థి మొదటి వంతులోనే తన 40 నౌకలను మీ మీదికి పంపారనుకోండి. మీరు 20 నౌకలను ‘సి’కి పంపి, 20 ఉంచుకుంటే, వారు వచ్చేసరికి మీ గ్రహంలో 20 + 30 = 50 ఉంటాయి. మీరు నిలబడగలరు. మొత్తం 40 నౌకలనూ పంపివేసి ఉంటే 30 మాత్రమే ఉంటాయి. మీ గ్రహం పోయే అవకాశమే ఎక్కువ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాట ఇక్కడ లెక్కతో సహా నిజమవుతుంది.

ఇంకొక సంగతి. మీ 20 నౌకలు మూడవ వంతులో ‘సి’ని గెలిస్తే సుమారు 8 మిగులుతాయి. నాలుగవ వంతుకు మరో 8 తయారై 16 అవుతాయి. సరిగా అప్పుడే ప్రత్యర్థి 20 నౌకలతో వస్తే? తటస్థ నౌకలతో పోరాడిన నష్టం మీది, గ్రహం మాత్రం వారిది కావచ్చు. కాబట్టి ముందుగా చేరడం ఒక్కటే గెలుపు కాదు. నిలుపుకోగలగడమే గెలుపు.

17.8 ఆటలో లేనిది

ఈ ఆటలో గ్రహానికి పేరుగా ఒక అక్షరం ఉంటుంది. నౌకల లెక్క ఉంటుంది. అక్కడ ఎవరు నివసిస్తున్నారో, వారి అభిప్రాయమేమిటో ఆట అడగదు. ‘తటస్థ’ అన్న మాటకు ఇక్కడ ‘ఇంకా ఎవరూ గెలవనిది’ అని మాత్రమే అర్థం. పటంమీద ఎవరి పేరూ లేని చోటును ఖాళీ చోటుగా భావించడం ఆటలో చెల్లుతుంది. చరిత్రలో అలా భావించి పరదేశాలను ఆక్రమించినవారి వల్ల అక్కడి ప్రజలు ఎంత నష్టపోయారో మన దేశానికి వేరే చెప్పనక్కరలేదు.

అంతరిక్షం విషయంలో ప్రపంచ దేశాలు ముందుగానే ఒక నియమం చేసుకున్నాయి. 1967 నాటి బాహ్య అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రునిగాని, మరే ఖగోళ వస్తువునుగాని ఏ దేశమూ తన సొంతమని ప్రకటించుకోరాదు. భారతదేశం కూడా ఆ ఒప్పందంలో భాగస్వామి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిమీద దిగింది. అది విజ్ఞాన విజయం. ఆ నేల మీద హక్కు దానివల్ల రాదు.

కనుక ఆటను ఆటగా ఆడండి. గెలవడానికి గట్టిగా ప్రయత్నించండి. ఆట ముగిశాక దాని నుంచి తెచ్చుకోవలసినది లెక్క, ముందుచూపు, ఓర్పు. ఇతరుల చోటు మీద ఆశ కాదు.

17.9 భాషాంశం

కింది వాక్యాలు చూడండి.

(అ) 40 నౌకలూ పంపితే ఇల్లు ఖాళీ అవుతుంది.
(ఆ) 40 నౌకలు పంపినా ‘బి’ గ్రహం దక్కదు.

‘పంపితే’ ఒక షరతును తెలుపుతుంది. ఆ పని జరిగినప్పుడు వచ్చే ఫలితం తరువాతి భాగంలో ఉంటుంది. ఇటువంటి క్రియను చేదర్థకం అంటారు. ‘పంపినా’ అన్నప్పుడు పని జరిగినప్పటికీ అనుకున్న ఫలితం రాదని తెలుస్తుంది. ఇది అప్యర్థకం. రెండూ అసమాపక క్రియలే. ఎత్తు వేసే ముందు ‘పంపితే ఏమవుతుంది? పంపకపోతే ఏమవుతుంది? పంపినా ఫలితం లేకపోతే?’ అని మూడు ప్రశ్నలు వేసుకోండి. వ్యాకరణం, వ్యూహం రెండూ అభ్యాసమవుతాయి.

17.10 మీరు నేర్చుకున్నది

• తెర నేటి స్థితిని చూపుతుంది. నిర్ణయం మాత్రం దళం చేరే నాటి స్థితిని బట్టి ఉండాలి.
• దగ్గరి లాభమా, దూరపు లాభమా అన్నది మిగిలిన కాలాన్ని బట్టి తేలుతుంది.
• గెలిచినదాన్ని, ఉన్నదాన్ని కాపాడుకోవడం వ్యూహంలో భాగం.
• ఆటలోని జయం వాస్తవంలో హక్కు కాదు.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. పులిజూదానికీ గ్రహాల ఆటకూ ఉన్న తేడాలను పది వాక్యాలలో రాయండి.
2. ‘ముందుగా చేరడం ఒక్కటే గెలుపు కాదు’ – ఉదాహరణతో వివరించండి.
3. చేదర్థకంతో మూడు, అప్యర్థకంతో మూడు వాక్యాలు మీ నిత్యజీవితం నుంచి రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. తెరమీద కనిపించే నేటి సంఖ్యకూ, దళం చేరేనాటి సంఖ్యకూ ఉన్న తేడాను మరచిపోవడం.
2. 25 + (6 × 5) = 55 నౌకలు. ఈ లోగా ప్రత్యర్థి వాటిని వేరొక చోటికి పంపకపోతేనే ఈ లెక్క సరిపోతుంది.