ఎలుకల రక్త క్యాన్సరు – మన సూది, మన పాలు

ఇబ్రహీంపట్నం ప్రాంతపు సంఘాలకు వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటున్నది. "పశువులకు రక్త క్యాన్సరు వైరస్ వల్ల వస్తుందంటున్నారు. ఆ పాలు తాగవచ్చునా అండీ?" జవాబు చెప్పే ముందు ఎలుకల సంగతి చెప్పుకోవాలి. ఈ జబ్బు గుట్టు చాలావరకు వాటివల్లనే బయటపడింది.

రక్త క్యాన్సరు వచ్చిన చిట్టెలుకల అవయవాలను నూరి, కణాలు లేకుండా చేసిన రసాన్ని లుడ్విక్ గ్రాస్ అనే వైద్యుడు అమెరికాలో అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు సూదితో ఎక్కించాడు. పెరిగాక వాటికీ అదే జబ్బు వచ్చిందని 1951లో ప్రకటించాడు. కణాలు లేని ఆ రసంలో ఉన్నది వైరస్.

దీనిని రెట్రో వైరస్ అంటారు. ఇది కణంలో చేరి తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా తిరగరాసుకుని, ఆ కణం క్రోమోజోములోనే అతుక్కుపోతుంది. తిరగరాసే ఎంజైమును 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొన్నారు.

మన కాలువలతో పోల్చి చూడండి. ప్రతి జన్యువుకూ ఒక తూము ఉన్నదనుకోండి. అవసరమైనప్పుడు తలుపు లేస్తుంది, పని కాగానే లస్కరు దించినట్లు దిగుతుంది. ఈ వైరస్ రెండు చివరలా సొంత తూములు వెంట తెచ్చుకుంటుంది. వాటికి లస్కరు లేడు. వైరస్ ఏ బీడులోనో పడితే నష్టం లేదు. కణాన్ని పెంచే 'మిక్' వంటి జన్యువు పక్కన పడిందా, ఆ మడికి రాత్రింబవళ్ళు నీరే. కణం ఆగకుండా చీలుతూ పోతుంది. అయితే ఒక్క దెబ్బతో క్యాన్సరు రాదు, మరికొన్ని జన్యువులు కూడా చెడాలి. అందుకే ఎలుకకు నెలలు పడుతుంది. గడ్డలోని కణాలన్నిటిలో వైరస్ ఒకేచోట కనిపించటాన్ని బట్టి ఇటువంటి జన్యువులను పట్టుకున్నారు. 1981లో కోళ్ళలో 'మిక్', 1984లో ఎలుకలలో 'పిమ్-1' అలా దొరికినవే.

మనుషుల రక్త క్యాన్సరు చాలావరకు ఇటువంటి వైరస్ వల్ల వచ్చేది కాదు. దాని మందులో మన తెలుగువారి చేయి ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌తోనే, పసిపిల్లలలో ఈ జబ్బును కొంతకాలం అణచగలిగామని 1948లో బోస్టన్ వైద్యుడు ఫార్బర్ ప్రకటించారు.

ఇక ఆవుల సంగతి. వాటి రక్త క్యాన్సరు వైరస్‌ను 1969లో కనుగొన్నారు. అదీ రెట్రో వైరసే, కాని పనితీరు వేరు. పక్క జన్యువును రేపటం కన్నా తన సొంత ప్రోటీనుతోనే ఎక్కువ చెరుపు చేస్తుంది. సోకిన ఆవులలో చాలావాటికి పైకి ఏమీ తెలియదు. నూటికి అయిదింటికన్నా తక్కువ ఆవులకే గడ్డలు వస్తాయి, అదీ కొన్నేళ్ళకు.

పాలు కాస్తే ఈ వైరస్ చచ్చిపోతుంది. పాశ్చరైజ్ చేసిన పాలలోనూ బతకదు. ఆ పాలవల్ల మనుషులకు రక్త క్యాన్సరు వచ్చినట్లు రుజువు లేదు. కాచి తాగండి.

మా భయం పాలను గురించి కాదు, సూదిని గురించి. ఈ వైరస్ ముఖ్యంగా రక్తం ద్వారా పాకుతుంది. టీకాల రోజున ఒకే సూదితో వరుసగా పది పశువులను పొడవటం మనకు అలవాటు. లోగడ మేమూ తొందరలో అలాగే చేయించాము, దాచుకోవటమెందుకు? దీనికి మందూ లేదు. ఇకమీదట పశువుకొక సూది అడగండి. కొమ్ములు తీసే పనిముట్లను కడిగి మరగబెట్టించండి. మెడ దగ్గర గ్రంథులు ఉబ్బి, మేత తింటున్నా చిక్కిపోయే ఆవు ఉంటే వెంటనే పశువైద్యాధికారికి చూపించండి. దాని పాలను పచ్చిగా దూడలకు పట్టవద్దు.