నివాస వీధి ఎవరిది?

ఒక పట్టణపు అభివృద్ధిని దాని రాజమార్గాల వెడల్పునుబట్టి అంచనా వేయడం పరిపాటి. కాని ఆ పట్టణంలో ఎనిమిదేళ్ల బాలుడు తోడు లేకుండా బడికి నడిచి పోగలడా? డెబ్బై ఏళ్ల వృద్ధురాలు జంకు లేకుండా వీధి దాటగలదా? ఈ ప్రశ్నలకు లభించే సమాధానం అంతకన్న నమ్మదగిన కొలమానం. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. పెద్ద రహదారుల సమస్య వేరు. ఇళ్ల నడుమ సాగే చిన్న వీధులలో వాహనాల వేగాన్ని ఎట్లా తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

రైలు కలిపిన ఊరు

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి హౌరా, కటక్, సీనీ దిక్కుల నుండి వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గాలు ఖరగ్‌పూర్ వద్ద కలిశాయి. అక్కడ పెద్ద రైల్వే కర్మాగారం వెలసింది. అదే కంపెనీ మార్గం వాల్తేరు వరకు సాగి ఉండడంతో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉపాధికై ఈ పట్టణం చేరాయి. బెంగాలీలు, ఒరియావారు, హిందీ మాట్లాడేవారు, తమిళులు వారికి ఇరుగుపొరుగులయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వాలని నిర్ణయించడం వెనుక ఈ సుదీర్ఘ సహజీవన చరిత్ర ఉంది.

ఝపటాపూర్ ఈ పట్టణపు నివాస పేటలలో ఒకటి. ఇటువంటి పేటలలో వీధి రాకపోకల మార్గం మాత్రమే కాదు. పిల్లలకు అదే ఆటస్థలం, పెద్దలకు అదే రచ్చబండ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బంగ్లా, హిందీ పలుకులు మొదట నేర్చుకొనేది వీధిలో తోటిపిల్లల వద్దనే. మోటారు సైకిళ్లు, టోటోలు, కార్లు అదే ఇరుకు దారిలో వేగంగా సాగినపుడు తల్లిదండ్రులు పిల్లలను గడప దాటనీయరు. అపుడు పోయేది ఆట మాత్రమే కాదు, పరిచయం కూడా.

ఇది ఊహ కాదు. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర రూపకల్పన ఆచార్యుడు 1969లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే తీరున ఉన్న మూడు వీధులను పరిశీలించాడు. వాటిలో తేడా వాహనాల సంఖ్యలోనే. రోజుకు సుమారు 2,000 వాహనాలు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు అదే వీధిలో ఉన్నారు. దాదాపు 16,000 వాహనాలు పోయే వీధిలో ఆ సగటు ఒకటికన్న తక్కువ. పలు భాషలవారు కలిసి నివసించే ఖరగ్‌పూర్ వంటి ఊరికి ఈ ఫలితం ఎంత ముఖ్యమో వివరించనక్కరలేదు.

వేగం లెక్క

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 8 మీటర్లు సాగుతుంది. ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు నొక్కడానికి చోదకునికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డుమీద మంచి బ్రేకు పట్టిన తరువాత మరో 5 మీటర్లలో వాహనం ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే వేగం 50 కిలోమీటర్లయితే మొదటి సెకనులోనే 14 మీటర్లు గడిచిపోతాయి. ఆగడానికి ఇంకొక 14 మీటర్లు కావాలి.

బంతికోసం ఒక బాలిక 15 మీటర్ల దూరంలో అకస్మాత్తుగా వీధిలోకి వచ్చిందనుకోండి. మొదటి వాహనం ఆమెను తాకకుండానే ఆగుతుంది. రెండవది సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటుంది. అంటే బ్రేకు పని చేయడం అప్పుడే మొదలయిందన్నమాట. 2020 ఫిబ్రవరిలో వివిధ దేశాల ప్రతినిధులు ఆమోదించిన స్టాక్‌హోం ప్రకటన, పాదచారులు వాహనాలతో కలిసి మెలిగే చోట గరిష్ఠ వేగం గంటకు 30 కిలోమీటర్లుండాలని కోరడానికి కారణం ఇదే.

ఇతర దేశాల అనుభవం

1971లో నెదర్లాండ్స్ రహదారులపై సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా బాలబాలికలు. తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. అంతకు ముందే డెల్ఫ్ట్ పట్టణంలో వీధినే పెరడువలె మలచే ప్రయోగం మొదలయింది. దారిని వంపులు తిప్పారు, చెట్లు నాటారు. నడిచేవారు, ఆడుకొనే పిల్లలు వీధి మొత్తాన్ని ఉపయోగించుకోవచ్చు, వాహనమే అతిథివలె మెల్లగా రావాలి. 1976లో ఈ పద్ధతికి ఆ దేశంలో చట్టబద్ధత లభించింది. వేగ పరిమితి ఫలకం ఒక్కటే చాలదనీ, వీధి ఆకారమే చోదకుని మెల్లగా పోనిచ్చేట్లుండాలనీ ఈ అనుభవం నిరూపించింది.

మన వీధులకు తగిన ఉపాయాలు

మనకు బాగా తెలిసిన సాధనం స్పీడ్ బ్రేకర్. అది సన్నగా, నిటారుగా ఉంటే సైకిలు తొక్కేవారిని, గర్భిణులను, రోగులను బాధిస్తుంది. భారత రహదారుల కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాలలో సూచించిన రూపం వేరు. దాని వెడల్పు 3.7 మీటర్లు, మధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి అది ఇబ్బంది కలిగించదు, అంతకు మించినవారిని మాత్రం హెచ్చరిస్తుంది. రెండు అంచులలోనూ కొంత జాగా వదిలితే వాననీరు నిలువదు, సైకిలుకూ దారి దొరుకుతుంది.

బడి ముందు దాటుడు స్థలాన్ని కాలిబాట ఎత్తుకు లేపడం, కూడలి మూలలను ఇరుకు చేసి మలుపులో వేగం తగ్గించడం, పేట ప్రవేశద్వారాన్ని సన్నం చేయడం ఇతర మార్గాలు. పెద్ద రోడ్డు రద్దీని తప్పించుకొనేందుకు మోటారు వాహనాలు అడ్డదారిగా వాడే సందులకు మధ్యలో స్తంభాలు నాటితే నడిచేవారు, సైకిళ్లు మాత్రమే సాగిపోతారు. అగ్నిమాపక యంత్రం, అంబులెన్సు అవసరాన్ని గుర్తుంచుకొని, తీసి పెట్టగల స్తంభాలను ఎంచుకోవాలి. ఒకే వీధిలో ఈ పని చేస్తే రద్దీ పక్క వీధికి మళ్లుతుంది. కనుక పేట మొత్తాన్ని ఒక ప్రమాణంగా తీసుకొనడం శ్రేయస్కరం.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కన్న మనుషుల ప్రయాణానికే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 2020లో మొదలయిన జాతీయ పోటీలో చిన్నపిల్లలకు అనువైన పరిసరాలను రూపొందించినందుకు 2022లో ఎంపికైన పది నగరాలలో కాకినాడ, వరంగల్లు ఉన్నాయి. సైకిలు ప్రోత్సాహక పోటీలో కలకత్తా పక్కనున్న న్యూటౌన్ గుర్తింపు పొందింది. తెలుగునాట జరిగినది, బెంగాల్‌లో జరిగినది ఖరగ్‌పూర్‌లోనూ సాధ్యమే.

సైకిలుకు దారి

2015లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రారంభించిన సబుజ్ సాథీ పథకం క్రింద ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల 9 నుండి 12 తరగతుల విద్యార్థులకు సైకిళ్లు ఇస్తున్నారు. 1951లో హిజ్లీలో నెలకొన్న భారత సాంకేతిక విద్యాసంస్థ ఆవరణలో ఈనాటికీ విద్యార్థుల ప్రధాన వాహనం సైకిలే. బడి పిల్లకు సైకిలు ఇచ్చిన సమాజం ఆమె నిర్భయంగా తొక్కగల వీధిని కూడా ఇవ్వవలసి ఉంటుంది. రైల్వే స్థలంలోని వీధులు రైల్వే బాధ్యత, మిగిలినవి పురపాలక సంఘం బాధ్యత. పిల్లవాని బడిదారి ఈ సరిహద్దును ఎరుగదు. ఇరుపక్షాలూ కలిసి ఆలోచించినపుడే పని నెరవేరుతుంది.

విద్యార్థులు చేయగలిగిన పరిశీలన ఒకటి ఉంది. ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, వీధి అంచున సురక్షితమైన చోట 25 మీటర్ల దూరం కొలిచి రెండు గుర్తులు పెట్టాలి. ఒక వాహనం ఆ దూరాన్ని సరిగ్గా 3 సెకన్లలో దాటితే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు. అంతకన్న తక్కువ సమయం పడితే వేగం మితిమీరినట్లే. ఒక గంటలో పోయిన వాహనాలెన్ని, వాటిలో హద్దు మీరినవెన్ని, నడిచినవారెందరు, సైకిళ్లెన్ని అన్న పట్టిక తయారు చేసి అధికారులకు సమర్పిస్తే, అది ఫిర్యాదు స్థాయి దాటి సాక్ష్యమవుతుంది.

వివిధ ప్రాంతాల ప్రజలను ఒక్కచోటికి చేర్చింది రైలు. వారిని ఒకరికొకరిని పరిచయం చేసింది వీధి. ఆ వీధిలో వాహనం నెమ్మదించినంతకాలం పిల్లలు కలిసి ఆడుకుంటారు, పెద్దలు నిలిచి పలకరించుకుంటారు. భిన్న భాషల ప్రజల ఐక్యత సభలలో చేసే తీర్మానాలతోపాటు ఇటువంటి నిత్య పరిచయాలపైన కూడా నిలుస్తుంది.