టంకం పొగకు దారి

వదినా మరదళ్లు ఇద్దరూ ఇంట్లోనే కూలికి పని చేస్తారు. ఎల్‌ఈడీ బల్బుల్లో తీగలకు టంకం వేస్తారు. సోల్డరింగ్ ఐరన్ తగలగానే టంకం తీగ కరుగుతుంది. సన్నటి తెల్లపొగ లేచి నేరుగా ముఖానికి తగులుతుంది.

మరదలికి రెండు నెలలుగా దగ్గు. రాత్రిపూట రొమ్ములో పిల్లికూతలు. పండక్కి పుట్టింటికి వెళ్లింది. ఉన్న ఐదు రోజులూ దగ్గు రాలేదు. తిరిగొచ్చి పనికి కూర్చుంది. సాయంత్రానికి మళ్లీ మొదలు.

"ఇది జలుబు దగ్గు కాదు వదినా. ఈ బల్ల దగ్గర కూర్చుంటేనే వస్తోంది" అంది.

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ అన్నీ అడిగి తెలుసుకుంది. "ఆ పొగ వల్ల ఉబ్బసం వస్తుందమ్మా. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది" అని చెప్పింది. మందు రాసిచ్చింది.

ఆ పొగ ఎక్కడిది? టంకం తీగ లోపల రోజిన్ ఉంటుంది. అది పైన్ చెట్టు బంక నుంచి తీస్తారు. మన గుగ్గిలం లాంటిదే. వేడికి అదే పొగవుతుంది. సీసం లేని టంకంలోనూ రోజిన్ ఉండొచ్చు. ముక్కుకు పైట కొంగు కట్టుకుంటే ఆ పొగ ఆగదు. దాన్ని బయటికి పంపాలి.

వదిన ఒక ఉపాయం చేసింది. ఇంట్లో 15 కిలోల నూనె డబ్బా ఖాళీగా ఉంది. దాన్ని వేడినీళ్లు, సబ్బుతో జిడ్డు పోయేలా కడిగింది. రేకుల పని చేసే అతని దగ్గర పైమూత పూర్తిగా తీయించింది. అడుగున ఫ్యాను పట్టేంత గుండ్రటి రంధ్రం కోయించింది. రేకు అంచులు కత్తిలా ఉంటాయి. ఐరన్ వైరు తెగితే షాక్ కొడుతుంది. అందుకని రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి అంచులకు తొడిగింది.

పాత కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల ఫ్యాను రిపేరు షాపులో దొరికింది. 12 వోల్టుల డీసీ అడాప్టరు కూడా కొంది. రెండింటి మీదా 12 అనే అంకె ఉందో లేదో తనే చదివి చూసుకుంది. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. ఈ ఫ్యాను తీగల్ని గోడ ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బాను బల్లమీద అడ్డంగా పడుకోబెట్టారు. నోరు మనవైపు, ఫ్యాను కిటికీ వైపు. స్విచ్చి వేశారు. పొగంతా ఎదురు ముఖానికే కొట్టింది! ఫ్యానును తిరగేసి బిగించారన్నమాట. ఫ్యాను అంచుమీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. గాలి ఆ వైపుకే పోతుంది. ఆ బాణం కిటికీ వైపు ఉండాలి.

సరిచేశాక ఒక అగరొత్తి వెలిగించి డబ్బా నోటి ముందు పెట్టారు. జానెడు దూరంలో ఉంటే పొగ అటూఇటూ పోయింది. నాలుగు వేళ్ల దూరంలో పెడితే లోపలికి లాగేసింది. టంకం అక్కడే వేయాలి. పైన సీలింగ్ ఫ్యాను తిరిగితే పొగ చెదిరిపోతుంది. ఉక్కపోసినా ఆపాల్సిందే.

కిటికీ లేని వాళ్లు ఫ్యానుకు కార్బన్ స్పాంజి పెడతారు. అది వాసన తగ్గిస్తుంది. సన్నటి పొగ మాత్రం చాలావరకు దాటి గదిలోకే వస్తుంది. కిటికీ దారే మేలు. ఆ కిటికీ పక్కింటివాళ్ల వంటగదికి ఎదురుగా ఉండకూడదు.

ఇక సీసం సంగతి. ఆ వేడికి సీసం పొగలోకి పెద్దగా రాదు. చేతికి అంటుకుని నోట్లోకి పోతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు చాలా చెరుపు. పని బల్ల దగ్గర తినొద్దు. లేచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వట్టి నీళ్లు చాలవు.

డబ్బా పెట్టాక మరదలికి దగ్గు తగ్గింది. పూర్తిగా పోలేదు. "పిల్లికూతలు ఉన్నంతకాలం ఆ బల్ల దగ్గర కూర్చోకు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"అయితే నా కూలి?" అంది మరదలు బెంగగా.

"ఇద్దరిదీ ఒకటే లెక్క. నేను టంకం వేస్తాను. నువ్వు అవతలి గదిలో బల్బులు వెలుగుతున్నాయో లేదో చూసి, లెక్కపెట్టి పెట్టెల్లో సర్దు" అంది వదిన.

ఇప్పుడు ఏ రోజు ఎన్ని బల్బులు పోయాయో పుస్తకంలో రాసేది మరదలే.