రక్తంలో రక్షణ జాడ: పరిశోధనా ప్రాంగణాలలో కరోనా ప్రతిరక్షకాల పరీక్ష

కరోనా వ్యాధి మన దేశాన్ని కలచివేసిన 2020, 2021 సంవత్సరాలలో ‘యాంటీబాడీ పరీక్ష’ అనే మాట ఇంటింటా వినిపించింది. యాంటీబాడీలు ఉన్నాయని తేలినవారిలో కొందరు ఇక తమకు భయం లేదని మాస్కు తీసివేశారు. లేవని తేలినవారిలో కొందరు అవి పెరగాలని రోజుకు నాలుగైదు మార్లు కషాయాలు త్రాగారు. ఈ రెండు పోకడలూ హానికరమైనవే. ఆ పరీక్ష నిజంగా ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అనే విషయాన్ని మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఆధారంగా పాఠకులకు వివరించదలచాను.

ప్రతిరక్షకాలు అంటే ఏమిటి?

శరీరంలో ప్రవేశించిన రోగకారక క్రిమిని గుర్తించి, దానిని పట్టుకొనడానికి రక్తంలో తయారయ్యే ప్రత్యేకమైన ప్రోటీన్లే ప్రతిరక్షకాలు. వీటినే యాంటీబాడీలు అంటున్నాము. కరోనా సోకిన తరువాత ఇవి సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలలో రక్తంలో కనిపిస్తాయి. వీటిలో ఐజీఎం అనే రకం త్వరగా తగ్గిపోతుంది. ఐజీజీ అనే రకం నెలల తరబడి నిలుస్తుంది. కనుక ఈ పరీక్ష ‘నాకు ఇప్పుడు కరోనా ఉన్నదా?’ అనే ప్రశ్నకు సమాధానం చెప్పదు. ‘ఇదివరకు ఎప్పుడైనా సోకినదా?’ అనే ప్రశ్నకే చెబుతుంది. వర్షం వెలిసిన తరువాత తడి నేలను చూచి వాన కురిసిందని గ్రహించడం వంటిదే ఇది.

ప్రాంగణాలలో జరిగిన అధ్యయనం

శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి దేశమంతటా ప్రయోగశాలలున్నాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., ఎన్.జి.ఆర్.ఐ. సంస్థలు ఆ కుటుంబానికి చెందినవే. ఈ ప్రయోగశాలలలో పరిశోధన చేసే విద్యార్థుల కొరకు ఒక ప్రత్యేక విశ్వవిద్యాలయం కూడా ఉన్నది. ప్రాంగణం అంటే శాస్త్రవేత్తలు, విద్యార్థులు మాత్రమే కాదు. కాపలాదారులు, పారిశుద్ధ్య సిబ్బంది, ఉద్యోగుల కుటుంబ సభ్యులు సైతం అందులోనివారే. ఒకే ఆవరణలో ఇన్ని రకాల జీవన విధానాలు గలవారు లభించడం వలన వ్యాధి ఎవరికి ఎక్కువగా సోకుతున్నదో పోల్చి చూడడం సులభమవుతుంది.

2020 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఈ సంస్థలలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 10,427 మంది రక్తాన్ని పరీక్షించారు. వారిలో 1,058 మందికి, అనగా నూటికి పదిమందికి పైగా, ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలింది. మన దేశంలో టీకాలు ప్రారంభమైనది 2021 జనవరి 16న. కనుక వీరిలో కనిపించిన ప్రతిరక్షకాలు వ్యాధి సోకడం వలన కలిగినవే. అయితే వీరిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి జ్వరం, దగ్గు వంటి ఏ లక్షణమూ వచ్చినట్లు జ్ఞాపకం లేదు. వ్యాధి తమకు సోకిందని తెలియకుండానే వారు ఇంటిలోను, పనిచేసే చోట తిరిగారన్నమాట. ‘నాకు బాగానే ఉన్నది కదా’ అనే భరోసాతో వృద్ధులైన తల్లిదండ్రుల వద్దకు వెళ్ళడంలోని ప్రమాదం దీనివలన అర్థమవుతుంది.

హైదరాబాదు నగరంలోనూ ఇటువంటి పరిశీలన జరిగింది. సి.సి.ఎం.బి., జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలసి 30 వార్డులలో సుమారు 9,000 మందిని పరీక్షించి, 2021 మార్చిలో ఫలితాలు ప్రకటించాయి. వారిలో 54 శాతం మందికి ప్రతిరక్షకాలున్నాయి. అక్కడ కూడా నాలుగింట మూడు వంతుల మందికి తమకు వ్యాధి వచ్చి పోయినట్లే తెలియదు.

అంకెలను జాగ్రత్తగా చదవాలి

ప్రాంగణాల అధ్యయనంలో బస్సులు, రైళ్ళలో ప్రయాణించేవారికి, కాపలా, పారిశుద్ధ్య విధులలో ఉన్నవారికి వ్యాధి ఎక్కువగా సోకినట్లు కనబడింది. దీనికి కారణం తేటతెల్లమే. ఇంటి వద్ద కూర్చుని పని చేసుకొనే వీలు వారికి లేదు. మన ఆరోగ్యాన్ని కాపాడే పనులు చేసేవారే ఎక్కువ ప్రమాదాన్ని మోశారు.

అదే అధ్యయనంలో శాకాహారులకు, పొగత్రాగేవారికి ప్రతిరక్షకాలు తక్కువగా కనిపించాయి. మొదటి మాట విని మన పత్రిక పాఠకులు సంతోషించవచ్చు. కాని రెండవ మాటను కూడా దానితోపాటే చదవాలి. మొదటిది శాకాహార మహిమ అని చాటితే, రెండవది పొగాకు మహిమ అని ఒప్పుకోవలసి వస్తుంది! రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. పొగాకు ఊపిరితిత్తులకు శత్రువే. శాకాహారానికి ఇతర సుగుణాలు అనేకం కలవు. దానికి ఈ అంకె అండ అవసరం లేదు.

ఒక చిన్న లెక్క

ఏ పరీక్షా నూటికి నూరుపాళ్ళు సరిగా ఉండదు. ఉదాహరణకు ఒక పరీక్ష వ్యాధి వచ్చిన 100 మందిలో 90 మందిని సరిగా గుర్తించి, రాని 100 మందిలో ఇద్దరిని వచ్చినట్లు తప్పుగా చూపుతుందని అనుకుందాము.

వెయ్యి మంది ఉన్న ప్రాంగణంలో 10 మందికి మాత్రమే వ్యాధి సోకిందనుకుంటే, వారిలో 9 మంది బయటపడతారు. మిగిలిన 990 మందిలో సుమారు 20 మంది తప్పుగా ‘ఉన్నది’ అని తేలుతారు. అనగా ‘ఉన్నది’ అని చెప్పబడిన 29 మందిలో నిజంగా సోకినవారు 9 మందే! అదే పరీక్షను 500 మందికి సోకిన చోట చేస్తే 460 మందికి ‘ఉన్నది’ అని వస్తుంది. వారిలో 450 మంది నిజమైనవారే. కనుక వ్యాధి అరుదుగా ఉన్న కాలంలో ఒక్క వ్యక్తి ఫలితాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. సమూహం ఎటు పోతున్నదో తెలుసుకొనడానికే ఈ పరీక్ష ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఆయుర్వేద దృష్టి

చరక సంహిత విమానస్థానంలో వాయువు, జలము, దేశము, కాలము దూషితమైనపుడు వేర్వేరు ప్రకృతులు గల జనులందరికీ ఒకేసారి రోగం కలుగుతుందని చెప్పబడింది. ఇదే జనపదోద్ధ్వంసం. శరీరానికి గల రోగనిరోధక శక్తిని వ్యాధిక్షమత్వం అన్నారు. వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు దీనిని రెండు విధాలుగా వివరించాడు: వచ్చిన వ్యాధి బలాన్ని ఎదిరించడం, వ్యాధి పుట్టకుండా అడ్డుకొనడం. ఈ రెండింటికీ గల భేదం కరోనా విషయంలో కూడా గమనించదగినది. టీకా తీసుకున్నవారికి వ్యాధి మరల సోకినా, అది తీవ్రం కాకుండా కాపాడే శక్తి ఎక్కువ కాలం నిలిచింది.

వ్యాధిక్షమత్వాన్ని ఒక్క రక్తపరీక్ష అంకెతో కొలవలేము. పైన చెప్పిన అధ్యయనంలో 346 మందిని మూడు నెలల తరువాత మరల పరీక్షించగా, ప్రతిరక్షకాల పరిమాణం తగ్గలేదు, కొందరిలో పెరిగింది; కాని వైరస్‌ను నిర్వీర్యం చేసే శక్తి మాత్రం తగ్గింది. పరిమాణము, సామర్థ్యము ఎల్లవేళలా కలసి నడువవని దీని భావం.

గృహవైద్యంలో మితి

2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన క్వాథం చాలామందికి తెలిసినదే. తులసి ఆకులు 4 భాగాలు, దాల్చినచెక్క 2 భాగాలు, శొంఠి 2 భాగాలు, మిరియాలు 1 భాగం. ఎండబెట్టి దంచిన ఈ చూర్ణం 3 గ్రాములు, 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో వేసి, రోజుకు ఒకటి రెండు మార్లు త్రాగవచ్చు. గొంతుకు హాయిగా ఉంటుంది. కాని ఇది యాంటీబాడీలను పెంచే మందు అని నేను చెప్పను. మితిమీరితే కడుపులో మంట కలుగుతుంది. పైత్య ప్రకృతి గలవారు, గర్భిణులు, రక్తం పలుచబడడానికి మందులు వాడేవారు వైద్యుని అడిగి మాత్రమే సేవించాలి.

తిప్పతీగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దానిని సేవించిన ఆరుగురిలో కాలేయానికి హాని కనిపించిందని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. వారు వాడిన మొక్క అసలైన తిప్పతీగయేనా అని తేల్చలేదని ఆయుష్ శాఖ ఆక్షేపించింది. ఈ వాదంలో ఎవరిది ఒప్పైనా గృహిణులకు పాఠం ఒక్కటే: గుర్తు తెలియని తీగను కోసి ఇంట కషాయం కాచరాదు.

గుర్తుంచుకోవలసినవి

1. యాంటీబాడీలు ఉన్నవారికి కూడా కరోనా మరల సోకవచ్చు.
2. దగ్గు, జ్వరం ఉన్నపుడు యాంటీబాడీ పరీక్ష వలన ప్రయోజనం లేదు, వైద్యుని సంప్రదించాలి.
3. ఇప్పుడు టీకా వలననో, వ్యాధి వలననో దాదాపు అందరికీ ప్రతిరక్షకాలున్నాయి. కనుక ఎవరికి వారు డబ్బు ఖర్చు పెట్టి ఈ పరీక్ష చేయించుకోనక్కరలేదు.
4. మధుమేహం, ఉబ్బసం ఉన్న పెద్దలున్న ఇంట జలుబు చేసినవారు మాస్కు ధరించి, వేరు గదిలో పడుకోవడం ఉత్తమం.

మితాహారం, వేళకు నిద్ర, గాలి వెలుతురు గల గది, చేతుల శుభ్రత — వీటికి పరీక్షా పత్రం అక్కరలేదు. నిత్యం ఆచరించినవారికి ఇవే కొండంత అండ.