కడుపులో నీరు: పరీక్షకు ఆలస్యం వద్దు



కాలేయం గట్టిపడే సిర్రోసిస్ జబ్బు తాగేవారికే వస్తుందనుకోవడం పొరపాటు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరు, ఊబకాయంతో కాలేయంలో పేరుకునే కొవ్వు కూడా అందుకు కారణాలే. కాబట్టి అపవాదుకు జంకి ఎవరూ జబ్బును దాచుకోకూడదని మా మనవి.

సిర్రోసిస్ ముదిరితే కడుపులో నీరు చేరుతుంది. పేగుల్లోని సూక్ష్మక్రిములు ఆ నీటిలోకి చేరితే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. జ్వరం, కడుపునొప్పి, మగత, తికమకగా మాట్లాడటం, మూత్రం తగ్గడం దీని గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ కనబడదు. అందుకే కడుపులో నీరున్న రోగి ఆసుపత్రిలో చేరగానే, వీలైతే 12 గంటల్లోపే, సూదితో కొద్దిగా నీరు తీసి పరీక్షించాలి. ఘన మిల్లీమీటరుకు న్యూట్రోఫిల్ కణాలు 250 లేదా అంతకు మించి ఉంటే, కల్చర్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మూత్రపిండాలు దెబ్బతినకుండా అల్బుమిన్ కూడా ఎక్కిస్తారు.

“నీరు తీస్తే మనిషి దక్కడు” అని మన ఇళ్లలో భయపడతారు. పరీక్షకు తీసేది సిరంజిలో పట్టేంతే. దానివల్ల ప్రమాదం చాలా అరుదు. ప్రాణం మీదికి తెచ్చేది ఆలస్యమే.

ఆదోని నుంచి కర్నూలు సర్వజన ఆసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు వారు కడప రిమ్స్‌కు రావాలి. బండి కిరాయికి డబ్బు లేక, తోడు వచ్చే మనిషి లేక “రేపు పోదాంలే” అనుకునే పేద ఇళ్లున్నాయి. మీ సదఖా ఆ ప్రయాణాన్ని ఈరోజే జరిపించగలదు. పరీక్ష చిన్నదే, సకాలంలో జరిగితే ఒక ఇంటి పెద్ద దిక్కు నిలబడుతుంది.