చూచిన చిత్రమునే మరల చూచుట

విన్న కథను మరల వినుటయందు ఒక విశేషమైన ఆనందము కలదు. కథ ఎట్లు ముగియునో ముందే తెలియును; అయినను మనస్సు దానినే కోరును. చలనచిత్రముల విషయమునను ఇంతే. అందును, చిన్ననాడు అక్కతోనో, అన్నతోనో, చెల్లెలితోనో కూడి చూచిన చిత్రమును పెద్దవారైన పిదప మరల వారితోడనే కూర్చుండి చూచుట మరియొక విధమైన అనుభవము. అప్పుడు తెరమీద ఒక కథ నడచును. చూచువారి నడుమ మరియొక కథ నడచును. ఈ రెండవ కథకు తార్కాణములు ఉత్తర తెలంగాణమునందలి కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో విరివిగా లభించును.

ఈ రెండు జిల్లాలకును గోదావరి చిరకాలము సరిహద్దుగా నుండెను. 2016వ సంవత్సరమున ఇవి విభజింపబడగా జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ మున్నగు క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. ఇచ్చట సేద్యము చేయువారు కలరు; బొగ్గుగనులలో పనిచేయువారు కలరు; మగ్గములు నడపువారు, బీడీలు చుట్టువారు కలరు. 1970వ దశకము నుండి వేలకొలది యువకులు ఇచ్చటి పల్లెలను విడిచి, జీవనోపాధికై గల్ఫు దేశములకు పోవుచున్నారు. అందుచేత ఒకే తల్లి బిడ్డలు ఏండ్ల తరబడి ఒకరినొకరు చూడకుండుట ఈ ప్రాంతమున క్రొత్త సంగతి కాదు.

పూర్వము పల్లెలకు చలనచిత్రము గుడారములోనే వచ్చెడిది. ఊరి వెలుపల ఖాళీ స్థలమున డేరా వేసి, తెర కట్టి, చీకటి పడిన పిదప ఆట మొదలిడెడివారు. పిల్లలు నేలమీదనే కూర్చుండెడివారు. వేయి అడుగుల చుట్ట సుమారు 11 నిమిషములు నడచును. మూడు గంటల చిత్రమునకు అట్టి చుట్టలు 16కు పైగా కావలెను. ఒకే యంత్రమున్న చోట చుట్ట మార్చినప్పుడెల్ల ఆట ఆగెడిది. ఆ విరామములలో పసివారు కునుకు తీసెడివారు. ఇంటికి మరలునపుడు నిద్రమత్తులోనున్న తమ్ముని చేయి పట్టి నడిపించుచు అక్క మిగిలిన కథను చెప్పెడిది.

తరువాత టెలివిజను వచ్చెను. మన దేశమున దీని ప్రసారములు 1959వ సంవత్సరమున ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలై, 1977వ సంవత్సరమున హైదరాబాదునకు చేరినవి. 1980వ దశకమున ప్రసార యంత్రములు దేశమునందలి పెక్కు పట్టణములకు వ్యాపించినవి. గల్ఫు దేశముల నుండి సెలవుపై వచ్చినవారు తెచ్చిన టెలివిజను, టేపురికార్డరు, వీడియో యంత్రములు పల్లెటింటి గదిలో వింత వస్తువులై వెలసినవి. ఒక ఇంట టెలివిజను ఉన్నచో ఆ వాడవారందరు ఆ ఇంటి వారే.

1987వ సంవత్సరము జనవరి 25వ తేదీన రామానందసాగరు నిర్మించిన ‘రామాయణము’ ధారావాహికగా మొదలయ్యెను. ఆదివారము ఉదయమున వీధులు నిర్మానుష్యములుగా నుండెడివి. భాష హిందీ. కథ తెలిసినదే యైనను మాటలు చిన్నపిల్లలకు తెలియవు. పాఠశాలలో హిందీ నేర్చిన అన్నయో, అక్కయో ప్రక్కన కూర్చుండి మాట మాటకును తెలుగు చెప్పెడివారు. ఆ తరమువారిలో పలువురు హిందీ రామాయణమును ఇట్లు తోబుట్టువుల నోటనే తెలుగున వినిరి.

చిన్ననాడు చూచినది పెద్దయైన పిదప వేరుగా కనబడును. ఇందుకు ‘మాయాబజారు’ ఉత్తమోదాహరణము. ఈ చిత్రము 1957వ సంవత్సరము మార్చి 27వ తేదీన విడుదలయ్యెను. నాగిరెడ్డి, చక్రపాణి గారలు నిర్మాతలు, కె.వి. రెడ్డి గారు దర్శకులు. పింగళి నాగేంద్రరావు గారు రచయిత. బాలురు దీనిని చూచునపుడు వారి దృష్టి యంతయు ఘటోత్కచుని మీదనే నిలుచును. ఎస్.వి. రంగారావు గారు ఆ వేషమున పెండ్లివారి వంటకములను ఒంటరిగా ఆరగించు ఘట్టమునకు నవ్వని బిడ్డ లేడు.

పెద్దవారికి ఇదే చిత్రమున ఇతర విశేషములు గోచరించును. కథ పాండవుల కష్టముల నుండి పుట్టినది. కాని ఆ పంచపాండవులలో ఒక్కడును తెరమీద కానరాడు. బాలురకు ఆ లోపమే తోచదు. నౌకావిహారమునందలి వెన్నెల నిజమైన వెన్నెల కాదు. ఛాయాగ్రాహకుడగు మార్కస్ బార్ట్లే స్టూడియోలో దీపములతో కల్పించినది. మాయా శశిరేఖగా సావిత్రి గారు నడచునపుడు ఆ నడకలో ఘటోత్కచుడు దాగియుండును. ఆ నటనలోని నేర్పు వయస్సు వచ్చిన కన్నులకే పూర్తిగా తెలియును.

అన్నింటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఈ కథకు మూలము అన్నాచెల్లెండ్ర వ్యవహారము. సుభద్ర బలరామకృష్ణుల చెల్లెలు. ఆమె కుమారుడగు అభిమన్యునకు తన కుమార్తె శశిరేఖ నిచ్చెదనని బలరాముడు మాట యిచ్చెను. పాండవులు రాజ్యమును కోల్పోగానే ఆ మాట తారుమారయ్యెను. దుర్యోధనుని కుమారునకు పిల్లనిచ్చుటకు బలరాముడు ఒప్పుకొనెను. పుట్టింటనే సుభద్రకు అవమానము కలిగెను. మరియొక అన్నయగు శ్రీకృష్ణుడు చెల్లెలి పక్షమున నిలిచి, ఘటోత్కచుని మాయతో ఆ మాటను నిలిపించెను. సంపద తగ్గిన చెల్లెలిని అన్నగారి ఇల్లు ఎట్లు ఆదరించును? ఈ ప్రశ్న ద్వారకకు మాత్రమే చెందినది కాదు.

జగిత్యాల ప్రాంతమున ఒక ఇంటిని ఊహింపుడు. అక్క బీడీలు చుట్టి సంసారము నడపుచున్నది. తమ్ముడు గల్ఫు దేశమున కూలిపని చేయుచు రెండు మూడేండ్లకు ఒకసారి వచ్చును. తండ్రి విడిచిన కొద్దిపాటి భూమి విషయమున ఇద్దరి నడుమ కొంత మాటపట్టింపు కలదు. బతుకమ్మ పండుగకు అక్క పుట్టింటికి వచ్చినది. ఆ సమయముననే తమ్మునకు సెలవు దొరికినది. రాత్రి భోజనములైన పిదప పిల్లలు టెలివిజనులో ‘మాయాబజారు’ పెట్టిరి. 1980వ దశకమున గుడారములో ఇద్దరును చూచిన చిత్రమే అది. నాడు నలుపు తెలుపులలో చూచినది. నేడు రంగులలో నున్నది. 2010వ సంవత్సరమున ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి.

మొదట ఇద్దరును ఎడముగా కూర్చుండిరి. పెండ్లివిందు వచ్చునప్పటికి ఇద్దరును ఒకేసారి నవ్విరి. చిత్రము ముగిసినది. తమ్ముడు మాత్రము దేనికొరకో వేచియున్నవానివలె తెరవైపే చూచుచుండెను.

“అక్కా, ఘటోత్కచుడు శకునిని భుజముమీద వేసికొని గోదావరి దాటు ఘట్టము ఏది? తీసివేసిరా?”

అక్క క్షణకాలము ఆలోచించి పకపక నవ్వినది.

“తమ్మీ, అట్టి ఘట్టము లేనే లేదు. నీవు నడుమనే నిద్రించితివి. దారిలో నీవు ఏడ్వకుండుటకు నేనే కల్పించి చెప్పితిని. నాకు తెలిసిన నది గోదావరియే కదా!”

నలుబది యేండ్లుగా అతడు గొప్పదని తలంచిన ఘట్టము చిత్రములోనిది కాదు, అక్క కల్పన. పరదేశమున తోడి కూలీలకు సైతము అతడు ఆ ఘట్టమును వర్ణించి చెప్పియుండెను. అతడు కొంతసేపు మాటాడలేదు. పిదప, గుడారము నుండి ఇంటికి ఏ దారిని వచ్చితిమని అడిగెను. చెరువుకట్ట మీదుగా అని అక్క చెప్పెను. నాన్న లాంతరు పట్టుకొని ఎదురు వచ్చెనని తమ్ముడు అనెను. అది అక్కకు జ్ఞాపకము లేదు. అట్లు ఆ రాత్రి ఒకరు మరచినది మరియొకరు అందించుచు ఇద్దరును చాలసేపు మేలుకొనియుండిరి. బలరాముని మాట ఎవ్వరును ఎత్తలేదు. ఎత్తవలసిన పనియు లేకుండెను. మరునాడు ఉదయమున భూమి కాగితములు తీసి ఇద్దరును ఒకే చాపమీద కూర్చుండిరి.

చలనచిత్రము తగవులు తీర్చునని దీని భావము కాదు. భూమి కొలతలు చిత్రము వలన మారవు. కాని ఒకప్పుడు ఒకే నేలమీద కూర్చుండి ఒకే తెరను చూచితిమను తలంపు మాట కలుపుకొనుటకు తావిచ్చును. ఇదియే మరల చూచుటలోని లాభము.

‘మాయాబజారు’లో ప్రియదర్శిని అను పేటిక యొకటి కలదు. దానిని తెరచి చూచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడును, రేవతికి రత్నములును, బలరామునకు దుర్యోధనుడును కనబడుదురు. పాత చిత్రమును మరల చూచుట ఆ పేటికను తెరచుట వంటిదే. అక్కకు ఒకటి కనబడును, తమ్మునకు మరియొకటి. ఒంటరిగా చూచువానికి తన ప్రియము మాత్రమే తెలియును. కూడి చూచువారికి ఎదుటివారి ప్రియమును తెలియును.

అయినను ప్రతి చిత్రమును మరల చూచుట సాధ్యము కాదు. కరీంనగరమున 1909వ సంవత్సరమున జన్మించిన పైడి జైరాజు మూగచిత్రముల కాలముననే బొంబాయి చేరి, ప్రసిద్ధ కథానాయకుడయ్యెను. 1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. ఆయన 2000వ సంవత్సరమున మరణించెను. ఆయన నటజీవితము మొదలైననాటి మూగచిత్రములలో అత్యధిక భాగము నేడు దొరకదు. భారతదేశపు తొలి శబ్దచిత్రమగు ‘ఆలం ఆరా’ 1931వ సంవత్సరమున విడుదలయ్యెను. దాని ప్రతి యొక్కటియు మిగులలేదు. నాటి ఫిలిము సులభముగా అంటుకొని కాలిపోయెడిది. తేమకును వేడికిని చెడిపోయెడిది. అందలి వెండి కొరకు కరగించినవారును కలరు. చిత్రములను భద్రపరచుటకై పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964వ సంవత్సరమున స్థాపింపబడెను. అప్పటికే పెక్కు చిత్రములు నశించియుండెను. పోయిన చిత్రమునకు ఆధారము చూచినవారి జ్ఞాపకమే. ఆ చూచినవారును పోయినచో అదియు లేదు.

బాల్యమునకును ఇట్టి గతియే కలదు. దానికి వేరు ప్రతులు లేవు. తోబుట్టువులలో ఒక్కొక్కరి వద్ద కొన్ని చుట్టలు మాత్రమే ఉండును. చెరువుకట్ట అక్క వద్ద నున్నది; లాంతరు తమ్ముని వద్ద నున్నది. కలిపి చూచిననే కథ పూర్తియగును.

పాతదంతయు గొప్పదని మాత్రము తలంపరాదు. మరల చూచునపుడు కొన్ని ఘట్టములు సాగదీసినట్లు తోచును. నాడు అబ్బురపరచిన మాయలు నేడు బాలురకు నవ్వు పుట్టించును. 2020వ సంవత్సరము మార్చి నెలలో అంటువ్యాధి కారణముగా దేశమంతటను జనులు ఇండ్లలోనే ఉండవలసి వచ్చినప్పుడు, దూరదర్శను ‘రామాయణము’ను మరల ప్రసారము చేసెను. ఒకప్పటి బాలురు తమ బిడ్డలతో కూర్చుండి దానిని చూచిరి. గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొను బాణములను చూచి బిడ్డలు నవ్విరి, పెద్దలును నవ్విరి. అయినను రాముని పాదుకలను భరతుడు శిరమున ధరించు ఘట్టమున ఆ నవ్వు ఆగెను. కాలము దేనిని చెరిపినదో, దేనిని చెరుపలేదో ఇట్లు తెలియును. దూరమున నున్న అన్నకు ఫోనుచేసి, “చూచుచున్నావా?” అని అడిగిన చెల్లెండ్రు ఆ దినములలో ఎందరో!

నేడు చిత్రము అరచేతిలోని ఫోనులో లభించును. ఒక్కొక్కరు ఒక్కొక్క మూల కూర్చుండి వేరువేరుగా చూచుకొనుట సులభమైనది. గుడారములో ఒకే తెర యుండుటచే అందరును కూడవలసి వచ్చెను. నేడు కూడుటకు పూనిక కావలెను. చిత్రము రేపును దొరకును. ప్రక్కన కూర్చుండి కథ చెప్పిన అక్క, చేయి పట్టుకొని నడచిన తమ్ముడు ఎల్లప్పుడును దొరకరు. కావున పండుగకు అందరును ఇంట కూడినపుడు ఒక పాత చిత్రమును కలసి చూడవలెను. చిత్రము ముగిసిన పిదప దీపము ఆర్పక కొంతసేపు మాటాడుకొనవలెను.

ప్రశ్నలు

1. గుడారపు ఆటలో పిల్లలు నడుమ నిద్రించుటకు కారణమేమి?
2. ‘మాయాబజారు’ కథకు మూలమైన అన్నాచెల్లెండ్ర వ్యవహారమును సంగ్రహముగా వ్రాయుడు.
3. తమ్ముడు వెదకిన ఘట్టము చిత్రములో ఎందుకు లేదు? అది అక్క కల్పనయని గుర్తించుటకు అందలి ఏ మాట తోడ్పడును?
4. మీ ఇంటి పెద్దలు తమ తోబుట్టువులతో చూచిన చిత్రమును గూర్చి అడిగి తెలిసికొని పది వాక్యములు వ్రాయుడు.