గదిలోని ఎండ

ఎండ బయటే ఉంటుందని అనుకుంటాం. కాని వేసవి మధ్యాహ్నం తరగతి గదిలో కూర్చున్నా చెమట పడుతుంది, తల బరువెక్కుతుంది. ఆ వేడి ఎక్కడిది?

పైకప్పును చూడండి. రేకుల కప్పు త్వరగా కాగి వేడిని కిందికి వెదజల్లుతుంది. సిమెంటు కప్పు మెల్లగా కాగుతుంది. కాని పగలు దాచుకున్న వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. కప్పుమీద తెల్లసున్నం వేస్తే గదిలో వేడి కొంత తగ్గుతుంది.

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది అంతకు మించి కాగితే, గాలిలోని వేడి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమటే. అది ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది.

ఒడిశాలోని టిట్లాగఢ్ సముద్రానికి దూరం. అక్కడ ఎండ మాడ్చేస్తుంది, కాని గాలి పొడిగా ఉండడంతో చెమట త్వరగా ఆరుతుంది. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న బరంపురం సముద్రానికి దగ్గర. అక్కడ ఎండ కొంత తక్కువైనా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరక కారిపోతుంది. ఇదే ఉక్క. కాబట్టి ఉష్ణమాపకం చూపే అంకె ఒక్కటే చూస్తే చాలదు.

ఎండకు శరీరం అలవాటు పడుతుందా? పడుతుంది. రోజూ కొద్దికొద్దిగా వేడిలో మెలిగితే, ఒకటి రెండు వారాలలో చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. అందుకే నీళ్లూ ఎక్కువ తాగాలి. మన ఇళ్లలో తరవాణి, ఒడియా ఇళ్లలో పఖాళ వేసవి ఆహారం అయింది ఇందుకే. అయినా అలవాటుకు హద్దు ఉంది. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండువేల మందికి పైగా చనిపోయారు. వారు ఎండ ఎరగనివారు కారు! ఎండ ముదిరితే అక్కడి బడులను ఉదయం పూట నడపడం ఊరికే కాదు.

ఓర్పు మంచి గుణమే. కాని తల తిరుగుతున్నా చెప్పకుండా కూర్చోవడం ఓర్పు కాదు, ప్రమాదం. పక్కనున్న స్నేహితుని మాట తడబడితే వెంటనే మాస్టారికి చెప్పండి. అతన్ని నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి విసరాలి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రశ్నలు

1. ఉక్క అంటే ఏమిటి? అది ఎందుకు కలుగుతుంది?
2. ఎండకు అలవాటు పడినవారికి కూడా జాగ్రత్త ఎందుకు అవసరం?
3. మీ ఇంట్లో వేసవిలో ఏమి తాగుతారు? పెద్దలను అడిగి రాయండి.

చేసి చూడండి

తరగతి గదిలో ఉష్ణమాపకం వేలాడదీసి, ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు వేడిని వారం రోజులు రాయండి. తేడాను చర్చించండి.